మెమొరీ ఫుల్: బూస్ట్ బటన్ వెనక ఒక చిన్న చరిత్ర

పోయిన నవంబరులో ఒక ఆదివారం మా నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, పెన్షన్‌కి సంబంధించిన ఫారం ఒకటి ఫోన్‌లో నింపుతున్నాడు. ఏ యాప్ అన్నది ఇక్కడ అనవసరం. పేరు, పెన్షన్ నంబరు, బ్యాంకు ఖాతా, చిరునామా అన్నీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి మూడో పేజీ దాకా వచ్చాడు. ఓటీపీ అడిగింది. మెసేజీల్లోకి వెళ్ళి, ఆ ఆరంకెలూ కేలండర్ అంచున రాసుకుని వెనక్కి వచ్చాడు. యాప్ ఒకసారి తెల్లగా మెరిసి, మొదటి పేజీలో ఖాళీ గళ్ళతో నిలబడింది.

“ఏరా, మళ్ళీ మొదటికొచ్చింది,” అన్నాడు. అది నాలుగోసారి.

నాన్నది 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోను. “మెమొరీ ఫుల్ అయ్యుంటుందిలే,” అని తనే రోగం తేల్చేసి, రాకెట్ బొమ్మ ఉన్న బటన్ ఒకటి నొక్కాడు. రాకెట్ ఎగిరింది. ఇన్ని వందల ఎంబీలు ఖాళీ అయ్యాయి, మీ ఫోన్ ఇప్పుడు చాలా వేగంగా ఉంది అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నాన్న తృప్తిగా మళ్ళీ పేరు దగ్గర మొదలుపెట్టాడు. ఐదోసారీ అదే జరగబోతోందని నాకు తెలుసు. పదేళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి కాబట్టి ఎందుకు జరుగుతుందో కూడా తెలుసు. కానీ చెప్పబోయేసరికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అర్థం కాలేదు. ఆ బటన్‌ని నమ్మడం నాన్న తప్పు కాదు. ఆ నమ్మకానికి చాలా పొడుగాటి చరిత్ర ఉంది, అందులో కొంత మా సికింద్రాబాద్ చుట్టుపక్కలే జరిగింది.

*

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సెక్కితే ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్‌లో దిగొచ్చు. మా తరానికి అది ఒక బస్టాపు పేరు, షాపింగ్ చేసుకునే చోటు. ఆ పేరు వెనక ఉన్నది ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 1967లో, డాక్టర్ అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో మొదలైన సంస్థ. పక్కనున్న ఏఎస్ రావు నగర్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ట్రాంబేలోని అణుశక్తి పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని 1969 నుంచి తయారుచేసి అమ్మింది ఈసీఐఎల్. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అంటే అది ఒక్కో మాటలో పట్టించగలిగే బిట్ల సంఖ్య.

దాని మెమొరీ 4కే, అంటే 4,096 మాటలు. ఒక్కోటీ 12 బిట్లు. లెక్కేస్తే 6,144 బైట్లు, 6 కేబీ. మన ఫోన్లలో తెలుగు రాస్తే ఒక్కో గుర్తుకీ, అంటే అక్షరానికో, గుణింతానికో, మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన టీడీసీ-12 మెమొరీ మొత్తంలో దాదాపు 2,048 తెలుగు గుర్తులు పడతాయి. ఈ వ్యాసంలోంచి ఓ నాలుగైదు పేరాలు ఇస్తే చాలు, ఇంక ప్రోగ్రామ్‌కి చోటుండదు.

అప్పటి మెమొరీ చేత్తో ముట్టుకోగలిగిన వస్తువు. ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన సన్నటి రింగులు, ఒక్కో బిట్‌కి ఒక్కో రింగు. వాటిలోంచి సన్నటి తీగలు దూర్చి జల్లెడలాగా అల్లేవారు. ప్రపంచంలో చాలాచోట్ల ఆ అల్లిక పని చేసింది ఆడవాళ్ళే. దానికో తమాషా గుణం ఉంది. కరెంటు పోయినా రాసింది చెరిగిపోదు గానీ, చదివితే చెరిగిపోతుంది! చదివిన ప్రతిసారీ యంత్రం దాన్ని మళ్ళీ రాసి పెట్టాలి.

అంత చిన్న చోటులో పని జరగాలంటే ప్రోగ్రామ్ రాసేవాడు పొదుపు చేయాలి. ఏ మాట ఏ గదిలో ఉందో కాగితం మీద గీసుకోవాలి. ఒకే గదిని పొద్దున ఒకందుకు, మధ్యాహ్నం ఇంకొకందుకు వాడాలి. ఇది ఆ తరం గొప్పతనం అని పొగడటం నా ఉద్దేశం కాదు, వాళ్ళకి వేరే దారి లేదు. నేను గుర్తుపెట్టుకోమనేది ఒకటే: అప్పుడు మెమొరీ కొరతకి మూల్యం కట్టింది ప్రోగ్రామ్ రాసినవాడు, తన నిద్ర, తన బుర్ర ఖర్చుపెట్టి. ఆ యంత్రం ముందు కూర్చుని వాడుకునేవాడి దాకా ఆ బాధ వచ్చేది తక్కువ.

*

మా నాన్న రైల్వే మనిషి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. నాన్న చేరేనాటికి రిజర్వేషన్ అంటే ఇంకా లావుపాటి రిజిస్టర్లే. బండికొక పుస్తకం, రోజుకొక పేజీ, బెర్తుకొక గీత. ఒకేసారి ఇద్దరు క్లర్కులు ఒక పేజీ తెరవలేరు కాబట్టి, ఏ బండికి ఏ కౌంటరో చూసుకుని నిలబడాలి.

ఆ రిజిస్టర్లు కంప్యూటర్లలోకి వెళ్ళిన కథలో సికింద్రాబాద్‌కి చిన్నది కాని పాత్ర ఉంది. ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్ళాక దాని యంత్రాల మరమ్మతు బాధ్యత తీసుకున్న ప్రభుత్వ సంస్థ సీఎంసీ, సరోజినీదేవి రోడ్డులో పరిశోధన కేంద్రం నడిపింది. రైల్వేకి మొదటి కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ ఇంప్రెస్‌ని తయారుచేసింది సీఎంసీయే. అది 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలై, ఆ దశాబ్దం చివరికి ఇక్కడి కౌంటర్లకీ వచ్చింది. తర్వాత రైల్వే సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే వ్యవస్థ 1990ల మధ్యలో మొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ అనే ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఏ ఊళ్ళోనైనా కూర్చుని ఏ ఊరినుంచైనా ఏ ఊరికైనా టికెట్ కొనడం అప్పటినుంచే.

రైల్వే ముచ్చట ఇక్కడెందుకంటే, ఫోన్ ర్యామ్ ఎలా పనిచేస్తుందో నాన్నకి చెప్పడానికి చివరికి నాకు దొరికిన దారి అదే. బెర్తులు తక్కువ, జనం ఎక్కువ. కన్‌ఫర్మ్, ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్ట్. ఈ మూడు మాటలు తెలిసిన మనిషికి ఆండ్రాయిడ్ సగం తెలిసినట్టే. మిగతా సగం కాసేపాగి చెప్తాను. మధ్యలో ఇంకో చోటికి వెళ్ళాలి.

*

సరోజినీదేవి రోడ్డు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పార్క్‌లేన్. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట్లో సీటీసీ. జంటనగరాల్లో ఇంజనీరింగ్ చదివిన నా ఈడువాళ్ళలో అక్కడికి వెళ్ళనివాళ్ళు అరుదు. ఇరుకు మెట్లు, అద్దాల వెనక మదర్‌బోర్డులు, కాగితం మీద పెన్నుతో రాసిచ్చే కొటేషన్లు. “అసెంబుల్డా, బ్రాండెడా?” అన్నది మొదటి ప్రశ్న. “ర్యామ్ ఎంత పెట్టమంటారు?” అన్నది రెండోది.

నేను సెకండియర్‌లో ఉండగా దాచుకున్న డబ్బులతో ఒక ర్యామ్ స్టిక్ కొన్నాను. ఇంట్లో కంప్యూటర్ అడుగు తీసి అడుగు వేయడానికి ఆయాసపడేది. కొత్త స్టిక్ గుచ్చితే స్క్రీన్ రాలేదు. వెనక్కి పట్టుకెళ్తే షాపులో కుర్రాడు డ్రాయర్లోంచి పెన్సిల్ రబ్బరు తీసి, ర్యామ్ అంచున ఉన్న బంగారు రంగు పళ్ళని రుద్ది, ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టాడు. స్క్రీన్ వచ్చింది. మెమొరీని రబ్బరుతో తుడిస్తే పనిచేయడం ఏమిటని ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాం. కాంటాక్టుల మీద పట్టిన మురికి పోవడమే అందులో రహస్యం. సీటీసీ దగ్గర పెరిగినవాడికి ఆ చిట్కా ఇప్పటికీ చేతిలో ఉంటుంది.

ఫెర్రైట్ రింగుల కాలం అప్పటికే ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కి 1968లో పేటెంట్ వచ్చిన డీర్యామ్, 1970లో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన 1103 చిప్పుతో వాటి చోటు లాక్కుంది. డీర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక బుల్లి విద్యుత్ ఆవేశం. అది నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి మొత్తం మెమొరీని చదివి మళ్ళీ రాస్తూ ఉండాలి. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. ఆ గదిలో మీ ఫొటో ఉన్నా, పనికిరాని చెత్త ఉన్నా, ఈ తిరగరాత ఆగదు, దానికయ్యే కరెంటూ మారదు.

సీటీసీ మనకి నేర్పిన పాఠం వేరు. కంప్యూటర్ మెల్లగా ఉందా, ర్యామ్ పెంచు. డబ్బుల్లేవా, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కి నడుస్తున్నవాటిని చంపు. ఖాళీగా ఉన్న మెమొరీ ఎంత ఎక్కువుంటే యంత్రం అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ రోజుల్లో ఇది తప్పేమీ కాదు. ర్యామ్ నిండితే విండోస్ హార్డ్ డిస్క్ మీదకి సామాను మోయడం మొదలుపెట్టేది, డిస్క్ గరగరమని తిరిగేది, మౌస్ బాణం కదిలేది కాదు. కానీ ఈ లోపల ఒక మార్పు జరిగింది. మెమొరీ కొరతకి మూల్యం ఇప్పుడు కొనుక్కునేవాడు కడుతున్నాడు. ప్రోగ్రామ్ బరువెక్కితే రాసినవాణ్ణి అడిగేవాడు లేడు. పార్క్‌లేన్‌కి వెళ్ళి ఇంకో స్టిక్ తెచ్చుకోవడమే.

*

2008లో అమెరికాలో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది, హెచ్‌టీసీ తయారుచేసిన జీ1. ర్యామ్ 192 ఎంబీ. స్టిక్ గుచ్చడానికి స్లాట్ లేదు. డిస్క్ మీదకి సామాను మోసే పద్ధతీ కుదరదు, ఫోన్లలో ఉండే ఫ్లాష్ స్టోరేజ్ మీద ఊరికే రాస్తూ పోతే అది అరిగిపోతుంది. అంచేత ఆండ్రాయిడ్ రూపశిల్పులు సీటీసీ పాఠాన్ని తలకిందులు చేశారు.

మొదటి నిర్ణయం: ఖాళీగా ఉన్న ర్యామ్ దండగ. ఎలాగూ కరెంటు తింటూనే ఉంటుంది కాబట్టి నింపే ఉంచుదాం. మీరు వాట్సాప్‌లోంచి బయటికొచ్చినా అది వెంటనే పోదు, లోపలే నిద్రపోతుంది. మళ్ళీ తెరిస్తే చటుక్కున లేస్తుంది. రెండో నిర్ణయం: యాప్‌లన్నీ పంచుకునే సరుకు ఒకచోటే ఉంచుదాం. ఫోన్ ఆన్ అయినప్పుడు జైగోట్ అనే ప్రాసెస్ ఒకటి పుడుతుంది. పిండదశలో మొదటి కణం పేరే దానికి పెట్టారు. అందరికీ కావలసిన కోడ్ అది ముందే ఎక్కించుకుని కూర్చుంటుంది. ప్రతి యాప్ దాన్నుంచే చీలి పుడుతుంది. తనకంటూ ఏదైనా మార్చుకునేదాకా తల్లి మెమొరీనే వాడుకుంటుంది. మూడో నిర్ణయం అన్నిటికన్నా ముఖ్యమైనది: చోటు చాలకపోతే ఎవర్ని దించేయాలో వాడేవాణ్ణి అడగొద్దు, సిస్టమే తేల్చుకుంటుంది.

ఇక్కడ నాన్న చార్టు పనికొచ్చింది. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ ఒక నంబరు ఇస్తుంది. మీ కళ్ళముందు తెరిచి ఉన్న యాప్‌ది సున్నా. కొంత మాత్రం కనిపిస్తున్నదానికి 100. వెనక పాట వినిపిస్తున్నదానికి దాదాపు 200. ఇప్పుడే వదిలి వచ్చినదానికి 700. ఎప్పుడో తెరిచి మర్చిపోయినవాటికి 900 నుంచి 999 దాకా. సిస్టమ్ సొంత పనులకి మైనస్ నంబర్లు.

“అంటే హెచ్‌ఓ కోటా,” అన్నాడు నాన్న.

సరిగ్గా అదే. వెయిటింగ్ లిస్టులో లాగే నంబరు ఎంత పెద్దదైతే బెర్తు అంత దూరం. చోటు తగ్గినప్పుడు లో మెమొరీ కిల్లర్ అనే టీటీఈ చివర్నుంచి ఒక్కొక్కర్నీ దించుకుంటూ వస్తాడు. మొదట్లో ఇది లినక్స్ కెర్నెల్ లోపలే ఉండేది, 2017లో కెర్నెల్ 4.12తో అక్కణ్ణుంచి తీసేశాక కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్‌గా మారింది. లినక్స్‌లో దీనికి పెద్దన్న లాంటిది ఒకటి ముందునుంచే ఉంది. తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ మెమొరీ మాట ఇచ్చేసి, అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎవరో ఒకర్ని చంపే ఓఓఎమ్ కిల్లర్. ఆ పద్ధతిని ఎద్దేవా చేస్తూ 2004లో ఆండ్రీస్ బ్రౌవర్ అనే ప్రోగ్రామర్ ఒక పిట్టకథ రాశాడు. ఇంధనం తక్కువ పోసుకుని ఎగిరే విమానంలో, బరువు తగ్గించడానికి ఏ ప్రయాణికుణ్ణి బయటికి తోయాలా అని ఇంజనీర్లు సూత్రాలు కనిపెడుతూ ఉంటారు. లినక్స్ ప్రపంచంలో ఆ కథ తెలియనివాళ్ళు తక్కువ.

ఆండ్రాయిడ్ మాత్రం తోసేయడాన్ని మామూలు దినచర్య చేసేసింది. దానికి బదులుగా ఒక ఒప్పందం పెట్టింది. ప్రతి యాప్ పక్కకి తప్పుకునే ముందు, తను ఎక్కడుందో, గళ్ళలో ఏం రాసుందో చీటీ రాసి సిస్టమ్ చేతికివ్వాలి. తర్వాత దించేసినా సరే, మీరు తిరిగొచ్చినప్పుడు ఆ చీటీ చూసి అదే సీట్లో, అదే సామానుతో కూర్చోబెట్టాలి. మీకు అసలు దిగినట్టే తెలియకూడదు. యాప్‌లకి విడిగా ‘ఎగ్జిట్’ బటన్ ఎందుకు అక్కర్లేదో 2010లో ఆండ్రాయిడ్ బృందంలోని డయాన్ హాక్‌బోర్న్ ఈ లెక్కతోనే వివరించింది.

*

కానీ అప్పటికే టాస్క్ కిల్లర్లు వచ్చేశాయి. సీటీసీ పాఠం ఒక్క సికింద్రాబాద్‌ది కాదు, ప్రపంచం మొత్తానిదీ. విండోస్ మీద పెరిగినవాళ్ళంతా ఫోన్ తెరిచి, ర్యామ్ నిండి ఉండటం చూసి కంగారుపడ్డారు. చంపే యాప్‌లు దించుకున్నారు. అవి నిద్రపోతున్న యాప్‌లని చంపేవి, వాటిలో చాలా వరకు క్షణాల్లో మళ్ళీ లేచేవి. నిద్రలేపడం కన్నా మళ్ళీ పుట్టించడానికి ప్రాసెసర్ పని ఎక్కువ, బ్యాటరీ ఖర్చూ ఎక్కువ. 2010లో ఫ్రోయో వెర్షన్‌తో గూగుల్ ఈ చంపే అధికారాన్ని చాలావరకు కత్తిరించింది. టాస్క్ కిల్లర్లు పోయి బూస్టర్లు వచ్చాయి. రాకెట్లు, చీపుర్లు, గుండ్రంగా తిరిగే శాతాలు. వాటిలో బాగా పేరున్న క్లీన్ మాస్టర్‌ని తయారుచేసిన చీతా మొబైల్ యాప్‌లని 2020 మొదట్లో గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి తీసేసింది. అదే ఏడాది జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌ల జాబితాలోనూ క్లీన్ మాస్టర్ ఉంది. అది దేశ భద్రత పేరుతో జరిగిన నిషేధం. అసలు ఆ యాప్ చేస్తానన్న పని జరుగుతోందా అన్న ప్రశ్న పెద్దగా ఎవరూ అడగనేలేదు.

ఆ బటన్ ఇక్కడ అంతగా బతకడానికి ఇంకో కారణం భాష. ర్యామ్‌నీ మెమొరీ అనే అంటాం, స్టోరేజ్‌నీ మెమొరీ అనే అంటాం. ఒకటి పని చేసుకునే బల్ల, రెండోది బీరువా. 2011 ప్రాంతంలో మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్న చాలామంది చేతిలో ఉన్న గెలాక్సీ వై లాంటి ఫోన్లలో యాప్‌లకి దొరికే బీరువా 200 ఎంబీ లోపే. నాలుగు యాప్‌లు వేస్తే నిండిపోయేది. మొబైల్ షాపుకెళ్ళి మెమొరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న రోజులవి. “మెమొరీ ఫుల్” అన్న మాట మనకి ముందు బీరువా నిండటంతోనే అలవాటైంది. ఆ మాట విని, బల్ల తుడిచే బటన్ నొక్కడం నేర్చుకున్నాం.

బీరువా నిండటం నిజంగానే ఫోన్‌ని మెల్లబరుస్తుంది, ఇందులో అపోహ లేదు. ఫ్లాష్ మెమొరీలో ఉన్నదాని మీద నేరుగా దిద్ది రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి, అప్పుడే రాయాలి. ఖాళీ బ్లాకులు మిగలకపోతే చిన్న పనికి కూడా లోపల సామాను అటూ ఇటూ సర్దుతూ కూర్చుంటుంది. 2013లో ఆండ్రాయిడ్ 4.3 వచ్చాకే, చెరిపేసిన చోట్లేవో స్టోరేజ్‌కి క్రమం తప్పకుండా చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు అందరికీ అందింది. అప్పటిదాకా కొన్నాళ్ళు వాడిన ఫోన్లు కారణం తెలియకుండానే నీరసించిపోయేవి.

గూగుల్‌కి ఈ కొరత సంగతి తెలియక కాదు. 2013లో కిట్‌క్యాట్‌ని 512 ఎంబీలో నడిచేలా చిక్కించారు. 2014 సెప్టెంబర్ 15న ఢిల్లీలో 1 జీబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజ్ ఉన్న ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు 6,399 రూపాయలకి మొదలుపెట్టారు. ప్రపంచంలో మొదట వచ్చింది మన దేశానికే. 2017 డిసెంబర్‌లో చిన్న ఫోన్ల కోసం గో ఎడిషన్, దాంతోపాటు ఫైల్స్ గో అనే శుభ్రం చేసే యాప్. ఆ యాప్ పుట్టుక వెనక సంగతి 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వచ్చింది. ఇండియాలో ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ వాళ్ళు వెతికితే తేలింది, పువ్వులూ సూర్యోదయాలూ ఉన్న గుడ్ మార్నింగ్ బొమ్మలని! ఇక్కడ ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోన్‌లో చోటు అయిపోతోందని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేనని వెస్టర్న్ డిజిటల్ లెక్క ఒకటి అదే కథనంలో ఉంది. అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. ఒక్కో బొమ్మ 100 కేబీ ఉందనుకుంటే, పదహారు టీడీసీ-12ల మెమొరీకి సమానం.

ఇప్పుడనిపిస్తుంది, ఆ నవ్వులో కొంచెం అన్యాయం ఉందని. చోటు చాలనిది వాళ్ళకి. వెక్కిరింత కూడా వాళ్ళకే. ఎప్పటికప్పుడు బరువెక్కుతున్న యాప్‌లు రాస్తున్న మా మీద ఆ వార్త రాలేదు.

*

మళ్ళీ నాన్న ఫారం దగ్గరికొద్దాం. జరిగింది ఇది. ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళ్ళగానే ఫారం యాప్ నంబరు సున్నా నుంచి 700కి పడిపోయింది. 2 జీబీలో సిస్టమ్‌కి పోను మిగిలేదే కొంచెం. మెసేజీలు తెరుచుకోవడానికి చోటు కావాలి. టీటీఈ వచ్చాడు, 900ల వాళ్ళని దించాడు, చాల్లేదు, 700 వాణ్ణి దించాడు. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు, నియమం ప్రకారమే జరిగింది. తప్పు ఆ తర్వాతది. ఆ యాప్ రాసినవాళ్ళు చీటీ రాయలేదు. తిరిగొచ్చేసరికి సీటు లేదు, సామాను లేదు.

ఎందుకు రాయలేదంటే, వాళ్ళ చేతుల్లో ఉన్న 8 జీబీ, 12 జీబీ ఫోన్లలో ఆ యాప్‌ని ఎవరూ దించరు. దించనప్పుడు చీటీ లేదన్న సంగతి బయటపడదు. నిజానికి బయటపెట్టడం చాలా సులువు. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అని ఒక మీట ఉంది. అది వేస్తే, పక్కకి తిరిగిన ప్రతిసారీ వెనకున్న తెరని ఫోన్ పారేస్తుంది. చీటీ లేని యాప్ రెండు నిమిషాల్లో దొరికిపోతుంది.

ఇక్కడికి ఆ మూల్యం మూడో మనిషి దగ్గరికి చేరింది. టీడీసీ-12 నాడు రాసినవాడు కట్టాడు. సీటీసీ నాడు కొన్నవాడు కట్టాడు. ఇప్పుడు అందరికన్నా చిన్న ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు కడుతున్నారు, డబ్బు రూపంలో కాదు, టైము రూపంలో. నాలుగుసార్లు కొట్టిన పేరు, గడువు దాటిపోయిన ఓటీపీ. మీసేవలో ఎవరికో ఇచ్చి నింపించుకున్న ఫారం. దానికి తోడు, తప్పు తమదే, తమ ఫోన్‌లో చెత్త పేరుకుపోయిందనే అపరాధభావం. బూస్ట్ బటన్ అమ్ముకున్నది ఆ అపరాధభావాన్నే.

ఆ రోజు చేసిన పనులు చిన్నవే. ముందు రాకెట్ యాప్ తీసేశాను. స్టోరేజ్ తెరిచి, వాట్సాప్‌లో పేరుకున్న వీడియోలని సైజు వరసలో పెట్టి నాన్న చేతికే ఇచ్చాను. ఏది పోవాలో ర్యామ్ విషయంలో సిస్టమ్ తేల్చుకోగలదు గానీ, బీరువా విషయంలో తేల్చాల్సింది మనిషే. గుడ్ మార్నింగ్‌లన్నీ చకచకా తీసేశాడు. తన రిటైర్మెంట్ రోజు పూలదండల వీడియో దగ్గర ఆగి, మొత్తం చూసి, ఉంచాడు. వాడని యాప్‌లు తీసేసి, ఫోన్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాం. ఓటీపీ వచ్చినప్పుడు మెసేజీల్లోకి వెళ్ళకుండా, పైనుంచి నోటిఫికేషన్ తెర కిందికి లాగి అక్కడే చదువుకోమన్నాను. యాప్ మారలేదు కాబట్టి నంబరు 700కి పడదు. ఐదోసారికి ఫారం వెళ్ళింది.

“ఇది నాకు ముందే ఎవరైనా చెప్తే బావుండేది,” అన్నాడు. నిజానికి అది ఆయనకి తెలియాల్సిన అవసరమే ఉండకూడదు. రిజర్వేషన్ కౌంటర్లో ఆయన దగ్గర టికెట్ కొన్నవాళ్ళు రిజిస్టర్‌లో గీతలెలా గీస్తారో తెలుసుకుని రాలేదు.

సోమవారం ఆఫీసులో, మేము రాస్తున్న యాప్ మీద ఆ మీట వేసి చూశాను. రెండో తెర దగ్గరే మొదటికొచ్చేసింది. మూడేళ్ళుగా అలాగే ఉంది, అందులో సగం కోడ్ నేను రాసిందే. టికెట్ రాస్తే ప్రయారిటీ ‘లో’ అని వచ్చింది, అంత పాత ఫోన్లు వాడేవాళ్ళు తక్కువమందేనని.

ఆ నెలాఖరుకి నాన్నకి 6 జీబీ ఫోన్ కొనిచ్చాను. సీటీసీ రోజుల నుంచీ మనకి తెలిసిన వైద్యం అదే కదా. పాత ఫోన్ మాత్రం ఇంట్లో ఉండనివ్వలేదు. అది ఇప్పుడు ఆఫీసులో నా బల్ల మీద ఉంటుంది. కొత్తగా ఏది రాసినా ముందు దాని మీద నడిపి, మధ్యలో మెసేజీల్లోకి వెళ్ళి, వెనక్కి వచ్చి చూస్తాను. మొదటికొస్తే ఆ పని ఇంకా అవ్వలేదని లెక్క.